ఈఈజీ హెడ్‌సెట్‌తో ఏఐ బొమ్మలు: ఎంతవరకు నిజం, ఎక్కడ మొదలుపెట్టాలి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నేను ఈసీఈ చివరి సంవత్సరం. తలకు ఈఈజీ హెడ్‌సెట్ పెట్టుకుని మనసులో ఏదైనా ఊహించుకుంటే ఏఐ ఆ బొమ్మ గీసేలా ప్రాజెక్టు చేసి, కాలేజీ ఫెస్ట్‌లో లైవ్‌గా చూపించాలనుంది. అమ్మ వేసే మెలికల ముగ్గుల్లాంటివి వస్తే ఇంకా బాగుంటుంది. ఏ హెడ్‌సెట్ కొనాలి? స్టేబుల్ డిఫ్యూజన్‌కి (మాటలిస్తే బొమ్మ గీసే ఏఐ) దాన్ని ఎలా కలపాలి?"

ముందు సూటిగా చెప్పేస్తాను. మీరు ఏనుగుని ఊహించుకుంటే స్క్రీన్ మీద ఏనుగు రావడం అనేది మనం కొనుక్కోగల ఈఈజీ (మెదడు విద్యుత్ సిగ్నల్‌ని తల మీది నుంచి కొలిచే పద్ధతి) హెడ్‌సెట్‌తో అయ్యే పని కాదు. అయినట్టు చూపించే వీడియోలు చాలా ఉన్నాయి. ఈసారి చూసేటప్పుడు ఆ 'ఏనుగు' అనే మాట మోడల్‌కి ఎక్కడి నుంచి అందిందో గమనించండి, సంగతి తెలిసిపోతుంది. మీ ముగ్గుల ఆలోచన మాత్రం చాలా బాగుంది. దాన్ని పక్కన పెట్టకండి. ఈ జవాబులో సగం దాని గురించే.

ఎందుకు కాదో కాస్త వివరంగా చూద్దాం. రేపు వైవాలో ఇదే అడుగుతారు. తల మీది ఎలక్ట్రోడ్‌కి అందేది కొన్ని పదుల మైక్రోవోల్టుల సిగ్నల్. వోల్టులో పది లక్షల వంతు ఒక మైక్రోవోల్టు. అదైనా వేల, లక్షల న్యూరాన్లు ఒకే లయలో కలిసి కదిలినప్పుడే పుర్రె దాటి బయటికి వస్తుంది. కల్యాణ మండపం బయట రోడ్డు మీద నిలబడ్డారనుకోండి. గట్టిమేళం మోగితే ముహూర్తం అయిందని తెలుస్తుంది. పెళ్లికూతురు పక్కనున్న చెల్లెలి చెవిలో ఏం చెప్పిందో తెలియదు. ఈఈజీ మనకిచ్చేది ఆ మేళం చప్పుడే. 1924లో జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి ఈఈజీ తీసినప్పటి నుంచి, తేలిగ్గా, నమ్మకంగా కనిపించేది కూడా అలాంటి మేళమే. కళ్లు మూసుకుని ఊరికే కూర్చుంటే తల వెనక భాగంలో సెకనుకి 10 సార్ల చొప్పున ఊగే ఆల్ఫా లయ పెరుగుతుంది. కళ్లు తెరిస్తే తగ్గుతుంది.

మరి పేపర్లలో వచ్చిన సంగతేమిటి అంటారు. 2023లో ఒసాకా విశ్వవిద్యాలయం వాళ్లు, యూ తకాగి, షింజి నిషిమోతో, స్టేబుల్ డిఫ్యూజన్ వాడి మెదడు స్కాన్ల నుంచి బొమ్మలు తిరిగి రాబట్టారు. నిజమే. కానీ అది ఈఈజీ కాదు, ఎఫ్‌ఎంఆర్‌ఐ, అంటే మెదడులో రక్తప్రవాహం మార్పుల్ని చూపే స్కాన్. వాడిన డేటా అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 7 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) స్కానర్‌తో తీసినది. మన డయాగ్నస్టిక్ సెంటర్లలో ఉండేవి 1.5 లేదా 3 టెస్లావి. మొత్తం 8 మంది, ఒక్కొక్కరు ఏడాది పొడవునా 30 నుంచి 40 సార్లు స్కానర్‌లో పడుకుని వేలకొద్దీ ఫొటోలు చూశారు. ఇక్కడ 'చూశారు' అన్నది ముఖ్యం. వాళ్లు ఊహించుకోలేదు, కళ్లతో చూశారు. ఒకరి మెదడు మీద నేర్పిన లెక్క ఇంకొకరికి నేరుగా పనిచేయదు. మెదడు సిగ్నల్ నుంచి సమాచారం తీసే భాగం మామూలు లీనియర్ మోడలే. ఆ మసక సమాచారాన్ని తీసుకుని కళ్లు చెదిరే బొమ్మ చేసేది స్టేబుల్ డిఫ్యూజన్. 2024లో క్యోటోకి చెందిన యుకియాసు కమితాని బృందం ఇలాంటి పనుల మీద గట్టి విమర్శే పెట్టింది. పరీక్షకి పెట్టిన ఫొటోలు శిక్షణలో వాడిన వాటికి మరీ దగ్గరగా ఉన్నాయనీ, వేరే రకం బొమ్మలిస్తే ఫలితం పడిపోతోందనీ వాళ్లు చూపించారు. కమితాని ఈ రంగానికి ఆద్యుల్లో ఒకరు కాబట్టి ఆ మాటకి బరువుంది.

ఈఈజీతో బొమ్మలు అనే పేరుతో వచ్చే కాలేజీ ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే డేటాసెట్ ఒకటుంది. దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, మీరు కూడా అందులో పడే ప్రమాదం ఉంది కాబట్టి. 2017లో ఇటలీ నుంచి స్పాంపినాటో బృందం ఒక పేపర్ ప్రచురించింది. 6 మందికి 40 రకాల వస్తువుల ఫొటోలు, రకానికి 50 చొప్పున చూపించి, ఈఈజీ చూసి ఏ రకమో కనిపెట్టే మోడల్ చేశారు. ఊరికే గుడ్డిగా చెప్తే 100లో రెండున్నర సార్లు సరిపోవాల్సిన చోట, వాళ్ల మోడల్ 80 దాటి సరిగా చెప్పింది. అద్భుతం అనుకున్నారు. తిరకాసు ఎక్కడంటే, ఒక రకం ఫొటోలు 50 వరసగా, ఒక్కోటి అర సెకను చొప్పున చూపించారు. అంటే కుక్కలన్నీ ఒకే 25 సెకన్లలో అయిపోయాయి, పిల్లులన్నీ ఇంకో 25 సెకన్లలో. ఈఈజీ సిగ్నల్ తనంతట తానే మెల్లగా జారుతుంటుంది. చెమట పడుతుంది, జెల్ ఆరుతుంది, మనిషికి నిద్ర ముంచుకొస్తుంది. మోడల్ నేర్చుకున్నది కుక్కని కాదు, టైముని. అవే 25 సెకన్లలోని ముక్కల్ని శిక్షణకీ పరీక్షకీ పంచితే మోడల్‌కి జవాబు ముందే తెలిసిపోయినట్టే. రెన్ లీ, జెఫ్రీ సిస్కిండ్ తదితరులు అన్ని రకాల ఫొటోల్నీ కలగలిపి మళ్లీ చేసి చూస్తే ఫలితం గుడ్డి ఊహ స్థాయికి దిగిపోయింది. 2020లో అది ప్రచురితమైంది. అయినా ఆ పాత డేటా మీద డిఫ్యూజన్ మోడల్ తగిలించి 'ఆలోచనల నుంచి బొమ్మలు' అని చెప్పుకునే పేపర్లు ఆ తర్వాత కూడా వచ్చాయి. మీ గైడ్ ఆ డేటాసెట్ ఇస్తే మర్యాదగా ఈ సంగతి చెప్పండి. దాని బదులు 2022లో విడుదలైన థింగ్స్-ఈఈజీ2 చూడండి. 10 మంది, 16 వేల పైచిలుకు ఫొటోలు, కలగలిపి చూపించారు. పరీక్షకి పెట్టిన 200 ఫొటోల్ని ఒక్కోటి 80 సార్లు చూపించి సగటు తీయాల్సి వచ్చిందంటే, ఒక్కసారికి వచ్చే సిగ్నల్ ఎంత బలహీనమో మీరే లెక్కేసుకోండి.

ఇంతా చదివి నీరసపడకండి. మెదడుతో కళ చేసినవాళ్లెవరూ మనసులోని బొమ్మని బయటికి లాగే టెక్నాలజీ వచ్చేదాకా ఆగలేదు. 1965లో ఆల్విన్ లూసియర్ అనే అమెరికన్ సంగీతకారుడు బ్రాండైస్ విశ్వవిద్యాలయంలోని రోజ్ ఆర్ట్ మ్యూజియంలో జనం ముందు కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. తలకు ఎలక్ట్రోడ్లు. ఎడ్మండ్ డీవన్ అనే భౌతిక శాస్త్రవేత్త సాయంతో తన ఆల్ఫా లయని ఆంప్లిఫై చేసి స్పీకర్లకి ఇచ్చాడు. 10 హెర్ట్జ్, అంటే సెకనుకి 10 సార్లు ఊగే శబ్దం మన చెవికి వినపడదు. కానీ స్పీకర్ కోన్ ఊగుతుంది. ఆ ఊపుకి స్పీకర్ల దగ్గర పెట్టిన డ్రమ్ములు, గంటలు, తాళాలు మోగాయి. ఆయన కళ్లు తెరిచినా, ఏదైనా పట్టుదలగా ఊహించుకున్నా ఆల్ఫా తగ్గి మోత ఆగిపోతుంది. ఏమీ చేయకుండా ఉండగలగడమే అక్కడ వాద్యం వాయించడం. కంప్యూటర్ కూడా వాడకుండా చేసిన ఆ పనిలో మెదడుకీ శబ్దానికీ మధ్య దాపరికం లేదు. నాకు అన్నిటికంటే అదే ఇష్టం.

ఇంకో వైపు రెఫిక్ అనాడోల్ ఉన్నారు. 2018లో ఇస్తాంబుల్‌లో ప్రదర్శించిన 'మెల్టింగ్ మెమరీస్' కోసం ఆయన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (శాన్ ఫ్రాన్సిస్కో) న్యూరోస్కేప్ ల్యాబ్‌లో, జ్ఞాపకాలు తలుచుకుంటున్న మనుషుల ఈఈజీ తీసుకున్నారు. ఆ డేటాని అల్గారిథమ్‌లకి ముడిసరుకుగా ఇచ్చి, పెద్ద ఎల్‌ఈడీ గోడ మీద అలలు అలలుగా కదిలే రూపాలు చేశారు. చూడటానికి మహా అందం. అయితే గోడ ముందు నిలబడిన మనకి ఏ అల ఎవరి ఏ జ్ఞాపకానిదో తెలిసే దారి లేదు. అదే ఏడాది లండన్‌లోని సర్పెంటైన్ గ్యాలరీలో ఫ్రెంచి కళాకారుడు పియెర్ హ్యూగ్ కమితాని ల్యాబ్ సాయంతో ఎఫ్‌ఎంఆర్‌ఐ నుంచి తీసిన చిత్రాల్ని తెరల మీద ఆడించారు. అవి అస్పష్టంగా, పుట్టీ పుట్టకుండా మారిపోతుండే ముద్దలు. గ్యాలరీలో నిజం ఈగల్ని కూడా వదిలారు. మోడల్ తడబాటునే ఆయన కళగా నిలబెట్టారు, దాచలేదు. మీరు లూసియర్ వైపు ఉంటారా, అనాడోల్ వైపు ఉంటారా అన్నది ముందే తేల్చుకోండి. 'లైవ్' అన్నారు కాబట్టి లూసియర్ వైపే ఉండాలని నా సలహా.

లైవ్ అని బోర్డు పెట్టిన ప్రతిదానికీ నేను పెట్టే పరీక్ష ఒకటుంది. మా దగ్గర దాన్ని దొంగ ఫైల్ పరీక్ష అంటాం. మీ సిస్టమ్‌ని మూడు రకాలుగా నడపండి. ఒకసారి కుర్చీలో కూర్చున్న మనిషి సిగ్నల్‌తో, ఒకసారి నిన్న వేరెవరిదో రికార్డు చేసిన ఫైల్‌తో, ఒకసారి ఉత్త నాయిస్‌తో. ఏది ఏదో చెప్పకుండా స్నేహితులకి చూపించండి. ఏది అసలుదో వాళ్లు పట్టుకోలేకపోతే మీ బొమ్మలో మెదడు లేనట్టే. హెడ్‌సెట్ అలంకారమే. మార్కెట్లో ఉన్న మెదడు-కళ డెమోల్లో చాలావరకు ఈ పరీక్షలో నిలబడవని నా అభిప్రాయం. కారణం కూడా ఒక్కటే. ఏఐ మోడల్ ఏ చెత్త ఇచ్చినా అందమైన బొమ్మే ఇస్తుంది. పాత రోజుల్లో సిగ్నల్ చెడిపోతే బొమ్మా చెడిపోయేది, మనకి తెలిసేది. ఇప్పుడు ఎలక్ట్రోడ్ ఊడి కింద పడినా స్క్రీన్ మీద నెమళ్లు ఆడుతూనే ఉంటాయి. అందుకే మీ డిజైన్‌లో మొదటి పని, ఎలక్ట్రోడ్ ఊడితే బొమ్మ ఆగిపోయేలా చేయడం.

ఇక సామాను. మీకు కావలసింది ఆల్ఫా ఒక్కటే కాబట్టి ఎక్కువ చానళ్లు అక్కర్లేదు. అన్నిటికంటే చవక దారి, మన దేశంలోనే అప్‌సైడ్ డౌన్ ల్యాబ్స్ తయారుచేసే బయోఆంప్ ఈఎక్స్‌జీ పిల్ అనే చిన్న బోర్డు. ఆర్డుయినోతో (చిన్న కంట్రోలర్ బోర్డు) కలిపి కొన్ని వేలల్లో పని అయిపోతుంది. ఈసీఈ వాళ్లకి సర్క్యూట్ చేతిలో ఉండటం వైవాలో కూడా లాభం. ఒక ఎలక్ట్రోడ్ తల వెనక ఉబ్బుకి కాస్త పైన, పక్కగా, రెఫరెన్స్ (పోల్చి చూడటానికి పెట్టే ఎలక్ట్రోడ్) చెవి వెనక ఎముక మీద. తలకట్టు రూపంలో రెడీమేడ్‌గా కావాలంటే మ్యూజ్. 4 ఎలక్ట్రోడ్లు, సెకనుకి 256 శాంపిళ్లు. నుదుటి మీదివి వదిలేసి చెవుల వెనక ఉన్న రెండే వాడండి, ఆల్ఫా అక్కడే బాగా దొరుకుతుంది. ఓపెన్‌బీసీఐ సైటన్ 8 చానళ్లతో మంచి సాధనమే కానీ కస్టమ్స్ కలిపి విద్యార్థి భరించే ధర కాదు. ల్యాబ్‌లో ఉంటే తీసుకోండి, లేకపోతే దాని కోసం అప్పు చేయొద్దు. 'అటెన్షన్ 73, మెడిటేషన్ 40' అంటూ తయారైన అంకెలు ఇచ్చే హెడ్‌సెట్లుంటాయి. ఆ అంకెలు ఎలా వస్తాయో వాళ్లు పూర్తిగా చెప్పరు. ముడి సిగ్నల్ (రా డేటా) ఇవ్వని దాన్ని ఎంత చవకైనా కొనకండి.

మన దగ్గర ప్రత్యేకంగా వచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి, ఇంగ్లిష్ ట్యుటోరియళ్లలో ఉండవు. మొదటిది తలనూనె. కొబ్బరినూనె రాసిన జుట్టు కింద ఎలక్ట్రోడ్‌కి చర్మం అందదు. కూర్చునేవాళ్లకి ముందురోజే చెప్పండి, షాంపూతో తలస్నానం చేసి నూనె రాయకుండా రమ్మని. రెండోది కరెంటు. అమెరికా కోడ్‌లో నాచ్ ఫిల్టర్ (కరెంటు గోలని తీసేసేది) 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మన కరెంటు 50. కాపీ చేసిన కోడ్‌లో దీన్ని మార్చకుండా వారాల తరబడి తల పట్టుకునే పిల్లల్ని ప్రతి ఏడాదీ చూస్తుంటాను. మూడోది చార్జర్. మనిషికి వైర్లు తగిలించి ఉన్నంతసేపూ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే నడవాలి. నాయిస్ తగ్గుతుందని ఒకటి, అంతకంటే ముఖ్యం అవతలి మనిషి భద్రత. జీపీయూ (ఏఐ బొమ్మల లెక్కలు చేసే చిప్) ఉన్న పీసీ ప్లగ్‌లో ఉండక తప్పదు కదా అంటే, సిగ్నల్ తీసే ల్యాప్‌టాప్ వేరే పెట్టి వైఫై ద్వారా ఓఎస్‌సీ (ప్రోగ్రామ్‌లు ఒకదానికొకటి అంకెలు పంపుకునే పద్ధతి) మెసేజ్‌లు పంపండి. మ్యూజ్ అయితే బ్లూటూత్ కాబట్టి ఈ బెడద లేదు.

సిగ్నల్‌ని అంకెగా మార్చడం దగ్గర కొత్తవాళ్లు కంగారుపడతారు, అంత అవసరం లేదు. 1 నుంచి 40 హెర్ట్జ్ బ్యాండ్‌పాస్ (ఆ మధ్య ఉన్నదాన్నే వదిలే ఫిల్టర్), 50 దగ్గర నాచ్. పైథాన్‌లో ఫిల్ట్‌ఫిల్ట్ అనే ఫంక్షన్ సిగ్నల్‌ని ముందుకీ వెనక్కీ నడుపుతుంది. రికార్డు చేసిన ఫైల్‌కి బాగుంటుంది కానీ లైవ్‌లో రేపటి డేటా ఎక్కడుంది? మామూలు ముందుకు నడిచే ఫిల్టరే వాడండి. గడిచిన 2 సెకన్ల ముక్క తీసుకుని వెల్చ్ పద్ధతిలో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో కొలిచే లెక్క) 8 నుంచి 13 హెర్ట్జ్ మధ్య పవర్ లెక్కేసి, దాని లాగరిథమ్ తీసుకోండి. ఈ అంకె మనిషి మనిషికీ వేరు. అందుకని ప్రతి మనిషికీ మొదట ఒక నిమిషం కళ్లు తెరిచి, ఒక నిమిషం మూసి కూర్చోబెట్టి, ఆ రెండు నిమిషాల మీడియన్‌ని (నడిమి విలువ) వాళ్ల సున్నాగా పెట్టండి. రెప్ప కొడితే 100 మైక్రోవోల్టులు దాటే పెద్ద గుట్ట వస్తుంది, పళ్లు బిగిస్తే 20 హెర్ట్జ్ పైన అంతా కండరాల గోలే. అలాంటి ముక్కలు వచ్చినప్పుడు కొత్త అంకె ఇవ్వకుండా పాతదాన్నే పట్టుకుని ఉంచండి. 'బీటా (ఆల్ఫా కంటే వేగమైన లయ) పెరిగింది, ఏకాగ్రత పెరిగింది' అని చెప్పే డెమోల్లో సగం దవడ బిగింపే. మీరు 20 హెర్ట్జ్ పైన దేన్నీ ముట్టుకోకపోతే మీకు సగం తలనొప్పి ఉండదు. ఆల్ఫా పెరిగితే 'ప్రశాంతత' అని బోర్డు రాయడం కూడా నాకు నచ్చదు. కళ్లు మూసి ఉన్నాయి, చూపు పని ఆగింది, అంతవరకే మనకి తెలుసు. నిద్రమత్తు ఎక్కువైతే అదీ తగ్గిపోతుంది.

ఇప్పుడు ముగ్గు. ఇక్కడ స్టేబుల్ డిఫ్యూజన్‌ని కాసేపు మర్చిపోండి. మెలికల ముగ్గులో చుక్కల చుట్టూ గీత తిరుగుతుంది. పక్కపక్కనున్న ఏ రెండు చుక్కల మధ్య చూసినా గీతకి రెండే దారులు. అక్కడ రెండు గీతలు ఒకదాన్నొకటి దాటుతాయి, లేదా రెండూ తాకకుండా వెనక్కి మళ్లుతాయి. అంటే ప్రతి చోటా ఒక అవును-కాదు నిర్ణయం. మెదడు సిగ్నల్ నుంచి నమ్మకంగా రాబట్టగలిగేది కూడా సరిగ్గా అంతే, నాలుగైదు సెకన్లకి ఒక అవును-కాదు. ఈ రెండూ ఇంత చక్కగా అమరడం నాకు ఇంకెక్కడా కనపడలేదు.

వరసకి 7 చుక్కలు, 8 వరసలు పెట్టండి. 56 చుక్కలు, వాటి మధ్య 97 చోట్లు. ముగ్గు ఎడమ-కుడి, పైన-కింద ఒకేలా ఉండాలి కాబట్టి పావు భాగం నిర్ణయిస్తే మిగతాది అద్దంలా వచ్చేస్తుంది. అలా చూస్తే 28 నిర్ణయాలే మిగులుతాయి. ఒక్కోదానికి 4 సెకన్లు ఇస్తే రెండు నిమిషాల లోపు ముగ్గు పూర్తి. ఆ 4 సెకన్ల ఆల్ఫా సగటు, ఆ మనిషి సున్నా కంటే పైనుంటే గీతలు దాటతాయి, కిందుంటే వెనక్కి మళ్లుతాయి. 7, 8 అంకెలు ఊరికే చెప్పలేదు. దీర్ఘచతురస్రంలో అన్ని చోట్లా గీతల్ని దాటిస్తే ఎన్ని విడి తీగలు వస్తాయో ఆ రెండు అంకెల గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం) చెప్తుంది. 7, 8లకి గసాభా 1. అంటే రెండు నిమిషాలూ ఆల్ఫా పైనే ఉంటే 56 చుక్కల్నీ చుట్టివచ్చే ఒకే ఒక్క తీగ వస్తుంది. మొత్తం కిందే ఉంటే ప్రతి చుక్క చుట్టూ ఒక సున్నా, 56 విడి సున్నాలు. నిజం మనుషులు ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటారు. 7కి 7 పెడితే అన్నీ దాటించినా 7 తీగలు వస్తాయి, ఆ అందం పోతుంది. ఇది పైథాన్‌లోనో పీ5జేఎస్‌లోనో వంద వరసల కోడ్. మీ అమ్మగారికి ఒక్కసారి చూపించండి. ఎక్కడ గీత తేడాగా మళ్లిందో ఆవిడకి కనపడినట్టు మీ డీబగ్గర్‌కి కనపడదు.

దొంగ ఫైల్ పరీక్షలో ఇది ఎందుకు నిలబడుతుందంటే, కూర్చున్న మనిషిని 'ఇప్పుడు కళ్లు తెరువు' అంటే చుట్టూ ఉన్నవాళ్లకి ఆ తర్వాతి నిర్ణయం నుంచే గీత వెనక్కి మళ్లడం కనిపిస్తుంది. వేరే ఫైల్‌తో అది జరగదు.

ఏఐ ఎక్కడ మరి? గీత మెదడుది, తొడుగు ఏఐది. తయారైన గీతల బొమ్మని కంట్రోల్‌నెట్ (మనమిచ్చిన గీతల ప్రకారమే బొమ్మ గీయించే జోడింపు) ద్వారా స్టేబుల్ డిఫ్యూజన్‌కి ఇచ్చి, పేడ అలికిన వాకిలి, తడి మట్టి మీద బియ్యప్పిండి, తెల్లవారుజాము వెలుతురు అని ప్రాంప్ట్ పెట్టండి. మామూలు మోడల్‌కి మన ముగ్గు తెలియదు. మండలానో రంగోలీయో చేసి పడేస్తుంది, గీతని తనిష్టం వచ్చిన చోట కలిపేస్తుంది. రెండు మందులున్నాయి. మీ ఇంట్లో, వీధిలో తీసిన ముగ్గుల ఫొటోలు ఒక 30 దాకా పెట్టి చిన్న లోరా (మోడల్‌కి కొత్త శైలి నేర్పే చిన్న జోడింపు) శిక్షణ ఇవ్వండి. ఎవరి వాకిలి ఫొటో తీశారో వాళ్లని అడిగే తీయండి. ఆ పైన కూడా, చివరికి వచ్చిన బొమ్మ మీద అసలు గీతని మళ్లీ ఒకసారి పరిచేయండి, తెగిన చోట అతుక్కుంటుంది. ఎల్‌సీఎం-లోరా (బొమ్మ త్వరగా వచ్చేలా చేసే జోడింపు) కూడా జోడిస్తే 4 నుంచి 8 స్టెప్పుల్లో బొమ్మ వచ్చేస్తుంది కాబట్టి, నిర్ణయానికీ నిర్ణయానికీ మధ్య ఉన్న 4 సెకన్లలో మామూలు గేమింగ్ ల్యాప్‌టాప్ కూడా పని ముగించగలదు. సీడ్ (మోడల్ బొమ్మ మొదలుపెట్టే యాదృచ్ఛిక అంకె) మాత్రం మార్చకండి. సీడ్ మారితే ప్రతి 4 సెకన్లకీ వాకిలి మారిపోయి, జనం గీతని వదిలేసి ఆ మెరుపుల్నే చూస్తారు. నా మాట వింటే ఆ రెండు నిమిషాలూ ఉత్త తెల్ల గీతే చూపించి, ముగ్గు పూర్తయ్యాక ఒక్కసారి ఏఐ రూపం ఇచ్చి ప్రింట్ తీసి చేతికివ్వండి.

ఇంకొక చిక్కుంది, లూసియర్‌కి ఉన్నదే. ఆల్ఫా పెరగాలంటే కళ్లు మూసుకోవాలి. కళ్లు మూసుకుంటే తన ముగ్గు తనకి కనపడదు. తెరిచి చూస్తే ఆల్ఫా పడిపోతుంది. దీనికి జవాబు శబ్దమే. గీత దాటినప్పుడు ఒక స్వరం, మళ్లినప్పుడు ఇంకొకటి, సన్నగా హెడ్‌ఫోన్‌లో వినిపించండి. తంబుర శ్రుతి వెనక ఉంటే బాగానే కుదురుతుంది. జనం చూస్తుంటారు, కూర్చున్న మనిషి వింటుంటాడు. వేదిక మీద అది చూడటానికి కూడా బాగుంటుంది.

'మెదడు వైపు మెషీన్ లెర్నింగ్ ఏదీ?' అని గైడ్ అడిగితే, మోటార్ ఇమేజరీ (కదలికని ఊహించుకోవడం) జోడించండి. కుడిచెయ్యి కదిపినట్టు ఊహిస్తే ఎడమ వైపు సీ3 (ఎలక్ట్రోడ్ పెట్టే చోటు పేరు) దగ్గర, ఎడమచెయ్యి ఊహిస్తే కుడి వైపు సీ4 దగ్గర 8-13 హెర్ట్జ్ లయ తగ్గుతుంది. సీఎస్‌పీ, ఎల్‌డీఏ అనే పాత మెషీన్ లెర్నింగ్ పద్ధతుల జంటతో దాన్ని గుర్తించి ముగ్గు ఎడమకి పెరగాలా కుడికి పెరగాలా అన్నది నిర్ణయించవచ్చు. దీనికి నడినెత్తి మీద ఎలక్ట్రోడ్లు కావాలి, మ్యూజ్ పనికిరాదు. అందరికీ ఇది పలకదు కూడా, కొందరిలో ఎంత ప్రయత్నించినా ఆ తేడా కనిపించదు. ఫలితం చెప్పేటప్పుడు ఒక పూట డేటాతో నేర్పి ఇంకో పూట డేటాతో పరీక్షించండి. పైన చెప్పిన 25 సెకన్ల ఉచ్చులో పడకుండా ఉండే మంచి దారి అది. ఈ వైపు ఆసక్తి ముదిరితే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ వాళ్ల పేపర్లు చదవండి, మెదడు సిగ్నళ్లకీ భాషా మోడళ్లకీ ఉన్న సంబంధం మీద అక్కడ గట్టి పని జరుగుతోంది.

ఫెస్ట్ సంగతులు కొన్ని. స్క్రీన్ సెకనుకి మూడు సార్ల కంటే ఎక్కువ మెరవకూడదు, ఫిట్స్ ఉన్నవాళ్లకి ప్రమాదం. కూర్చునే ముందు ఆ మాట అడిగి తీరాలి. ఎలక్ట్రోడ్లని ప్రతి మనిషికీ స్పిరిట్‌తో తుడవండి. సెటప్, రెండు నిమిషాల బేస్‌లైన్ (పైన చెప్పిన సున్నా కొలత), రెండు నిమిషాల ముగ్గు, తుడవడం కలిపి మనిషికి పది నిమిషాలు పడుతుంది. గంటకి ఆరుగురు, అంతకంటే మాటివ్వకండి. ఫెస్ట్‌లో క్యూ పెద్దదై టెన్షన్ పడి బేస్‌లైన్ ఎగ్గొట్టాలనిపిస్తుంది, ఎగ్గొట్టారా ఇక కళ్లు తెరిచినా మూసినా ముగ్గు ఒకేలా రావచ్చు. రికార్డు చేసిన ఈఈజీ ఆ మనిషి సొంత డేటా. పేరుతో దాచకండి. ప్రింట్ ఇచ్చాక ఫైల్ ఉంచాలా తీసేయాలా అన్నది వాళ్లనే అడగండి. చిలీ 2021లో మెదడు సమాచారాన్ని కాపాడే సవరణని రాజ్యాంగంలోనే చేర్చింది. మన దగ్గర 2023 డేటా రక్షణ చట్టం ఉంది, అందులోనూ అనుమతి అన్నదే మొదటి మెట్టు.

ఇప్పుడే జీపీయూ, లోరా జోలికి వెళ్లకండి. బోర్డు తెప్పించుకుని, మీ తల మీదే ఒక నిమిషం కళ్లు తెరిచి, ఒక నిమిషం మూసి రికార్డు చేసి, రెండింటి స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో) ఒకే గ్రాఫ్‌లో గీసి ఇక్కడ పెట్టండి. మూసినప్పుడు 10 హెర్ట్జ్ దగ్గర గుట్ట లేకపోతే ఎలక్ట్రోడ్ ఎక్కడ పెట్టారో ఫొటో కూడా పెట్టండి, చూసి చెప్తాను. కొద్దిమందిలో ఆల్ఫా సహజంగానే తక్కువ ఉంటుంది, అలాంటప్పుడు మీ రూమ్‌మేట్ తల వాడుకోండి.